బైబిలును మీ జీవితానికి అన్వయించుకోకండి

ఈసారి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో బైబిలు వచనాలు అచ్చేసిన వాగ్దానం కార్డుల పళ్లెం మీ వరుసలోకి వచ్చినప్పుడు చెయ్యి పెట్టకండి. పక్కవాళ్లకి అందించేయండి. ఇంట్లోవాళ్లు బాధపడతారు, పాస్టరుగారు నొచ్చుకోవచ్చు, అయినా తీసుకోకండి. పన్నెండు కొట్టాక అందరూ "నీకేం వాగ్దానం వచ్చింది?" అని ఒకరి కార్డు ఒకరు చూసుకుంటుంటే, నాకేమీ రాలేదని మీరు చెప్పాలి. ఆ మాట అనడానికి గుండె కావాలి.

ఇక్కడి నుంచి చెప్పబోయేవన్నీ ఇలాగే ఉంటాయి. సండే స్కూల్లో నేర్చుకున్నదానికీ, గృహ కూడికల్లో విన్నదానికీ ఎదురు నడుస్తాయి. తలతిక్క సలహాలని ఎవరైనా అంటే అననివ్వండి. బైబిలు ఈ కాలానికి ఎలా పనికొస్తుందని పిల్లలు అడిగితే మనం చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే: చదువు, నీ జీవితానికి అన్వయించుకో. ఈ అన్వయించుకోవడమే మనల్ని పాడుచేసిందని నా నమ్మకం. పరీక్ష, వీసా, పెళ్లి సంబంధం, ఆపరేషను, ఇంటి లోను, వీటిని మనసులో పెట్టుకుని గ్రంథం తెరిస్తే వీటికి పనికొచ్చే వచనాలే కంటికి ఆనతాయి. 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు ఉన్న గ్రంథంలో మన గోడల మీద, క్యాలెండర్ల మీద, వాట్సాప్ స్టేటస్‌లలో తిరిగే వచనాలు పట్టుమని వంద ఉండవు. మిగిలిన గ్రంథం మన కాలానికి పనికిరానిదిగా మిగిలిపోవడానికి కారణం ఈ కాలం కాదు, మన ఏరివేత.

మొదటి సలహా: అన్వయించుకోవడం ఆపి, గ్రంథంలోని మాట ఎవరితో అన్నారో వినండి. యిర్మీయా 29వ అధ్యాయంతో మొదలుపెట్టండి. ఎందుకంటే కార్డుల్లో అన్నిటికంటే ఎక్కువగా తిరిగేది అందులోని పదకొండో వచనమే. మేలు జరుగుతుందని, ముందుకు మంచి కాలం ఉందని దేవుడు ధైర్యం చెప్పే మాట అది. కార్డు మీద ఆ ఒక్క వచనమే ఉంటుంది. దాని పైన పది వచనాలు ఉన్నాయి, వాటి పైన ఒక చరిత్ర ఉంది. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చి రాజైన యెకొన్యాను, రాజమాతను, చేతిపనివాళ్లను, కంసాలులను బబులోనుకు పట్టుకుపోయాడు. అక్కడ ఉన్నవాళ్లంతా ఈరోజో రేపో వెనక్కి వెళ్లిపోతామని మూటలు విప్పకుండా కూర్చున్నారు. హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని యెరూషలేములో బహిరంగంగా ప్రకటించాడు కూడా. జనానికి నచ్చే మాట అదే. యిర్మీయా మాత్రం వాళ్లకు ఉత్తరం రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పళ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు పడుతుంది. ఆ మాట తరువాతే మనకు ఇష్టమైన వచనం వస్తుంది.

డెబ్బై ఏళ్లు అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో దాదాపు ఎవరూ తిరిగి రాలేదనే అర్థం. మంచి కాలం వాళ్ల మనవలది. వాళ్ల వంతుకు వచ్చింది తోట నాటే పని. ఇది తెలిశాక ఆ కార్డును ఎంట్రన్సు ర్యాంకు కోసమో, ప్రమోషను కోసమో జేబులో పెట్టుకోగలరేమో చూడండి. నేనైతే ఈ ఉత్తరాన్ని కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన గోదావరి జిల్లాల, కడప జిల్లా తల్లులకు మొత్తంగా చదివి వినిపించాలంటాను. వారానికి ఒక్క పూట సెలవు దొరికితే అద్దె హాలులో తెలుగు ఆరాధనకు పోగయ్యే మనుషులు వాళ్లు. ఊళ్లో పిల్లల ఫీజులు, సగం కట్టిన ఇల్లు, ఏజెంటుకు కట్టిన అప్పు, ఇవన్నీ మోస్తూ పరాయి పట్టణంలో బతికేవాళ్లకు ఆ పదకొండో వచనం కంటే అయిదో వచనం, ఏడో వచనం ఎక్కువ సాయం చేస్తాయి. నీ బతుకు రేపటి తిరుగు ప్రయాణంతో మొదలవదు, ఇక్కడే, ఇప్పుడే సాగుతోందని ఆ వచనాలు వాళ్లకు గౌరవంగా చెబుతాయి.

రెండో సలహా: వచనాల సంఖ్యలను లెక్కచేయకండి. పౌలు ఏ పత్రికకూ అంకెలు వేయలేదు. అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దం తొలినాళ్లలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినది. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. వెతుక్కోవడానికి అవి మంచివే. కానీ వాటివల్లే ఒక ఉత్తరాన్ని ముక్కలు చేసి ముక్కకొక అర్థం చెప్పడం మనకు అలవాటైపోయింది. ఫిలేమోను పత్రికను తీసుకోండి. పట్టుమని ఇరవై అయిదు వచనాలు. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఆపకుండా పైకి చదవండి. ఐదు నిమిషాలు కూడా పట్టదు. పారిపోయిన దాసుడు ఒనేసిమును పౌలు యజమాని దగ్గరికే పంపుతూ, దాసుడిలా కాకుండా ప్రియమైన సహోదరుడిలా చేర్చుకోమంటాడు. వాడేమైనా బాకీ ఉంటే నా లెక్కలో రాసుకోమంటాడు. నేను వస్తున్నాను, గది సిద్ధం చేయమని కూడా అంటాడు. అంటే వచ్చి చూస్తాడన్నమాట. ఇది ఒకరికి రాసిన సొంత ఉత్తరంలా కనిపిస్తుంది గానీ, పై చిరునామాలో అప్ఫియ, అర్ఖిప్పు, ఆ ఇంట్లో కూడే సంఘం కూడా ఉన్నారు. యజమాని తన పనివాడితో ఎలా ఉంటాడన్నది సంఘమంతా వినాల్సిన విషయమని పౌలు ఉద్దేశం. ఈ ఉత్తరం చదివే రోజున మీ ఇంట్లో పనిచేసే ఆవిడ వంటింట్లో ఉంటే, ఆవిడను కూడా పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆవిడకు విడిగా పెట్టిన గ్లాసు సంగతి అప్పుడు ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

పైకి చదవడం గురించి ఇంకో మాట. మన దగ్గర బైబిలు కళ్లకంటే ముందు చెవులకు చేరింది. 1876-78 ధాత కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో చస్తున్న జనానికి పని కల్పించాడు. తట్టలు మోసి అలసి కూర్చున్నవాళ్లు అక్కడే సువార్త విన్నారు. వాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు తక్కువ. బాప్తిస్మం ఇమ్మని వాళ్లు అడిగినా, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని క్లౌ కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. చరిత్ర పుస్తకాల్లో ఆ అంకెనే పెద్దక్షరాలతో వేస్తారు. నాకు మాత్రం ఆ అంకెకు ముందున్న కాలువ పని, చేతికందిన కూలి ముఖ్యం. మాదిగపల్లెల మనుషులు ఆ మాటలు విన్నది కూలి అందుకున్న చేతులతో. వాక్యమూ కూలీ అక్కడ ఒకేచోట ఉన్నాయి.

అందుకే మూడో సలహా కొంచెం కఠినంగా చెబుతాను. కూలి బాకీ ఉన్న రోజు బైబిలు తెరవకండి. తాపీమేస్త్రీకి, డ్రైవరుకు, ట్యూషను చెప్పే అమ్మాయికి, మీ ఆసుపత్రిలో నర్సుకు, మీ స్కూల్లో టీచరుకు ఇవ్వాల్సింది ఇవ్వకుండా కుటుంబ ప్రార్థనకు కూర్చోకండి. లేచి వెళ్లి ఇచ్చి రండి. ప్రార్థన ఆలస్యమైతే దేవుడు ఏమీ అనడు. లేవీయకాండము 19వ అధ్యాయం కూలివాడి జీతం తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దంటుంది. ద్వితీయోపదేశకాండము 24 పొద్దు గూకకముందే ఇమ్మంటుంది, వాడు దాని మీదే ప్రాణం పెట్టుకున్నాడని కారణం కూడా చెబుతుంది. యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలోనైతే ఇవ్వని కూలి మొర పెడుతుంది, కోతగాళ్ల కేకలు దేవుడి చెవిన పడతాయి. పాత నిబంధన, కొత్త నిబంధన ఇంత గట్టిగా ఒకే మాట మీద నిలబడే చోట్లు ఉన్నాయి. అవి మన ప్రసంగాల్లో వినిపించవు.

లేవీయకాండము పేరు వచ్చింది కాబట్టి ఏడాదిలో బైబిలు పూర్తిచేసే పట్టికల సంగతి కూడా చెప్పేస్తాను. మానేయండి. జనవరిలో ఆదికాండము హుషారుగా సాగుతుంది, ఫిబ్రవరిలో బలుల దగ్గరా కుష్ఠు నియమాల దగ్గరా బండి ఆగిపోతుంది, మార్చికల్లా అపరాధ భావం మిగులుతుంది. అందరూ ఆగిపోయే ఆ పుస్తకంలోనే మొదలుపెట్టమంటాను, సరిగ్గా 19వ అధ్యాయంలో. పొలం అంచులదాకా కోయకు, పరిగె ఏరకు, రాలిన ద్రాక్షపళ్లను బీదలకూ పరదేశులకూ వదిలేయి. చెవిటివాణ్ణి తిట్టకు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకు. తల నెరిసినవాళ్లు వస్తే లేచి నిలబడు. తూకంలో, కొలతలో మోసం చేయకు. పరదేశిని నీలాగే ప్రేమించు, నువ్వూ ఐగుప్తులో పరదేశివే. యేసు రెండో గొప్ప ఆజ్ఞగా ఎత్తి చూపిన పొరుగువాడి ప్రేమ ఉన్నది కూడా ఈ అధ్యాయంలోనే, పరిగెకూ తూకపురాళ్లకూ మధ్యలో. వరికోత మిషన్లు వచ్చాక మన పొలాల్లో పరిగె ఏరుకునే ముసలమ్మలు కనిపించరు. ఆ ముసలమ్మలు ఇప్పుడు ఏం తింటున్నారన్నది ఈ అధ్యాయం అడిగే ప్రశ్న. రైతైన క్రైస్తవుడు గింజలు వదలలేకపోతే బస్తా ఇవ్వాలి.

కొత్త ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఒక ముక్క. గుమ్మం మీద పాలరాతి పలక పెట్టించి అందులో వచనం చెక్కించడానికి తొందరపడకండి. ముందు డాబా ఎక్కి పిట్టగోడ చూడండి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం కొత్త ఇంటివాణ్ణి అడిగేది పిట్టగోడే. ఎవరైనా పైనుంచి పడి చస్తే ఆ రక్తం ఇంటి మీదికి వస్తుందంటుంది. గోడ పూర్తయితే, సారవ కర్రల మీద పనిచేసినవాళ్లలో ఎవరికీ దెబ్బ తగలకపోతే, తగిలితే వైద్యం చేయించి ఉంటే, అప్పుడు గృహప్రతిష్ఠకు సంఘాన్ని పిలవండి. ఆ అధ్యాయాన్నే చదివించండి. గృహప్రతిష్ఠలో దాన్ని చదవగా వినాలని నాకు ఎంతో ఆశ.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వచనం తీసుకెళ్లకండి. క్యారియర్ తీసుకెళ్లండి. రోగి పక్కన రాత్రి పడుకునే మనిషిని ఇంటికి పంపి, ఆ పూట మీరు కూర్చోండి. యోబు స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ అతని పక్కన నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. అన్ని రోజులూ వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచాక చెడిపోయారు. వాళ్ల మాటల్లో చాలావరకు మన ప్రసంగాల్లో వినిపించేవే: పాపం ఒప్పుకో, దేవుడు కారణం లేకుండా చేయడు, ఓర్చుకుంటే రెట్టింపు వస్తుంది. పుస్తకం చివర దేవుడు వాళ్ల మీద కోపగించాడు. తనను నిలదీసి అడిగిన యోబే సరిగా మాట్లాడాడన్నాడు. క్యాన్సరు వార్డులో ఉన్న మనిషికి విశ్వాసం తక్కువైందని చెప్పేవాళ్లను నేను క్షమించలేను. ఏదైనా చదవమని రోగే అడిగితే 88వ కీర్తన చదవండి. 150 కీర్తనల్లో అది చివరిదాకా చీకట్లోనే ఉంటుంది, వెలుగు కోసం మలుపు తిరగదు. అలాంటి ప్రార్థన కూడా గ్రంథంలో ఉంది అని తెలిస్తే, ప్రార్థించలేకపోతున్నానని కుమిలిపోయే మనిషికి ఊపిరి ఆడుతుంది.

ఇంకెవరి జీవితానికీ కూడా అన్వయించకండి. ఇది ముఖ్యంగా కుల సర్టిఫికెట్ల విషయంలో చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులు బీసీ-సిలోకి, ఒక శాతం కోటాలోకి వస్తారు. మతం మారినా పల్లె మారలేదు, వాడ మారలేదు, అవమానం మారలేదు, హోదా మాత్రం పోయింది. కాబట్టి కాగితం మీద ఒక పేరు, ఆదివారం ఒక పేరుతో బతికే కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకు మనుషుల ముందు ఒప్పుకోవడం గురించిన వచనం చూపించి గద్దించే ప్రసంగీకులున్నారు. ఆ ప్రసంగీకులకు నా సలహా: రెండవ రాజుల గ్రంథము అయిదో అధ్యాయం చివరిదాకా చదవండి. కుష్ఠు బాగై యెహోవాను నమ్మిన సిరియా సేనాని నయమాను, తన రాజు రిమ్మోను గుడిలో మొక్కేటప్పుడు తాను కూడా వంగక తప్పదని, దాన్ని క్షమించాలని ఎలీషాను అడుగుతాడు. ఎలీషా అతణ్ణి తిట్టలేదు, వచనం చెప్పలేదు. సమాధానంగా వెళ్లిరమ్మన్నాడు. సేనాపతికే అంత వెసులుబాటు ఇచ్చిన ప్రవక్త, కూలివాడి కొడుకు హాస్టలు సీటు దగ్గర కత్తి దూస్తాడా? గద్దించాలన్న ఆవేశం ఉంటే ఆ ఉత్తర్వు మీద గద్దించండి. సంఘంలో పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు కులం అడిగే పెద్దల మీద గద్దించండి.

ఆడపిల్లల సంగతి. మదర్స్ డే నాడు సామెతలు 31వ అధ్యాయంలోని గుణవతిని పొగడడం ఈ ఏడాదికి ఆపేయండి. దాని బదులు సంఖ్యాకాండము 27 చదవండి. సెలోపెహాదుకు కొడుకులు లేరు. అతని కూతుళ్లు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా మోషే ముందు, యాజకుడి ముందు, సమాజమంతటి ముందు నిలబడి మా నాన్న భూమి మాకివ్వమని అడిగారు. మోషే తానుగా తీర్పు చెప్పలేక దేవుణ్ణి అడిగితే, ఆ అమ్మాయిలు అడిగింది న్యాయమని జవాబు వచ్చింది. అయిదుగురి పేర్లూ గ్రంథంలో మళ్లీ మళ్లీ రాసి ఉంచారు. మన దేశంలో క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం కొడుకుకూ కూతురికీ సమాన వాటా ఇస్తుంది. అయినా కట్నం ఇచ్చాం కదా అని చెల్లెళ్ల చేత హక్కు విడుదల పత్రం మీద సంతకాలు పెట్టించుకునే అన్నలు సంఘాల్లో ఉన్నారు. ఆదివారం పాఠం ఆ అన్నలు విన్నాక, సంతకం పెట్టిన చెల్లెలు అడగకముందే వాళ్లే మాట ఎత్తాలి.

ఆఖరుది, మందిరం కట్టే పనిలో ఉన్న సంఘాలకు. చందాల సమయంలో నెహెమ్యా గ్రంథం మీద ప్రసంగాలు మొదలవుతాయి. రెండు, మూడు, నాలుగు అధ్యాయాలు, ఆ తరువాత ఆరు. ఒక చేత్తో పని, ఒక చేత్తో ఆయుధం, యాభై రెండు రోజుల్లో గోడ పూర్తి. అయిదో అధ్యాయం మీదుగా దూకేస్తారు. మీరు దూకకండి, అక్కడే ఆగండి. గోడ సగంలో ఉండగా బీదలు, వాళ్ల భార్యలు వచ్చి గోల పెట్టారు. తిండిగింజల కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టామని, రాజుగారి పన్ను కోసం అప్పు చేశామని, కూతుళ్లు అప్పుడే దాస్యంలోకి పోయారని చెప్పారు. అప్పిచ్చింది పరాయివాళ్లు కాదు, పక్కన నిలబడి గోడ కడుతున్న సొంత పెద్దలే. నెహెమ్యా గోడ పని మాట పక్కనపెట్టి పెద్ద సభ పిలిచాడు. తానూ తన బంధువులూ కూడా అప్పులిచ్చామని అందరిముందు చెప్పి, పొలాలు, తోటలు, ఇళ్లు, వడ్డీగా తీసుకున్న నూరో వంతు ఈరోజే తిరిగి ఇచ్చేయమన్నాడు. వాళ్లు ఇచ్చారు.

మీ నిర్మాణ కమిటీ మొదటి సమావేశంలో ఈ అధ్యాయం మొత్తం పైకి చదవండి. ఆ తరువాత కమిటీ సభ్యుల్లో ఎవరెవరు ఇదే సంఘంలోవాళ్లకు నూటికి ఎంత వడ్డీకి ఇచ్చారో, ఎవరి ప్రామిసరీ నోట్లు, ఎవరి పట్టాదారు పుస్తకాలు ఎవరి బీరువాల్లో ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. కోశాధికారి పేరుతోనే మొదలుపెట్టండి. నూటికి మూడు, నాలుగు తీసుకుంటున్నవాళ్లు వడ్డీ ఆపాలి, అసలుకు మించి ఇప్పటికే వసూలు చేసుకున్నవాళ్లు నోటు చించి ఇవ్వాలి. దానికి రెండు మూడు సమావేశాలు పట్టవచ్చు, కొందరు కమిటీ వదిలి వెళ్లవచ్చు. చందా పుస్తకం ఆ తరువాత తెరవండి.